బురద ఎవరి ఖాతాలో?

పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టుల మీద ఈ మధ్య తెలుగు పత్రికల్లో వార్తలకు కొదవ లేదు. ఏ వార్త తీసుకున్నా రెండు అంకెలు తప్పకుండా ఉంటాయి: ఎన్ని మెగావాట్లు, ఎన్ని కోట్లు. కాస్త ఓపికున్న విలేఖరైతే ఎన్ని టీఎంసీలు కావాలో కూడా రాస్తాడు. ఆ నీళ్ల వెంట ఎంత ఒండ్రు వస్తుంది, ఎక్కడ పేరుకుంటుంది, దాన్ని ఎవరు తీస్తారు అన్న సంగతి రాసిన వార్త చదివిన గుర్తు నాకు లేదు. పత్రికల మాట అలా ఉంచండి. జలవిద్యుత్ డిజైన్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నవాణ్ని. నా చేతుల్లోకి వచ్చిన డీపీఆర్‌లలో (ప్రాజెక్టు సమగ్ర నివేదికల్లో) కూడా అన్నిటికంటే పలచగా ఉండే అధ్యాయం అదే.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఎత్తులో ఒక జలాశయం, పల్లంలో ఒక జలాశయం ఉంటాయి. మధ్యాహ్నం సోలార్ కరెంటు మిగిలిపోతున్నప్పుడు దాంతో కింది నీళ్లను పైకి తోడతారు. సాయంత్రం ఊళ్లన్నీ లైట్లు వేసుకునే వేళకు అవే నీళ్లను కిందికి వదిలి కరెంటు తీస్తారు. తోడేదీ, కరెంటు ఇచ్చేదీ ఒకే యంత్రం. ఒకవైపు తిరిగితే పంపు, రెండోవైపు తిరిగితే టర్బైన్. మనకిది కొత్తేమీ కాదు. నాగార్జునసాగర్‌లో 100.8 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఏడు ఉన్నాయి. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్లవి ఆరు. కొత్తగా వస్తున్నదల్లా నదికి దూరంగా, గుట్టల నడుమ రెండు జలాశయాలు కట్టుకుని నీళ్లను వాటి మధ్యే తిప్పే పద్ధతి. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్లతో కట్టింది ఈ బాపతే.

ఈ రెండో రకం గురించి మా వృత్తిలో తరచూ వినిపించే మాట ఒకటుంది. "నదే లేదు కదండీ, ఇంక పూడికెక్కడిది?" సగం నిజమే. కానీ పిన్నాపురం నీళ్ల దారి పట్టుకుని వెనక్కి వెళ్లండి. అది ఒకసారి నిండుగా నింపుకుని, ఆపైన ఏటా ఆవిరైనంత మేరకు కలుపుకునే ప్రాజెక్టు. ఆ నీళ్లు గోరకల్లు బ్యాలెన్సింగ్ రిజర్వాయరువి. గోరకల్లుకు ఎస్సార్బీసీ (శ్రీశైలం కుడి బ్రాంచి) కాలువ నుంచి, కాలువకు బనకచెర్ల నుంచి, బనకచెర్లకు పోతిరెడ్డిపాడు నుంచి, పోతిరెడ్డిపాడుకు శ్రీశైలం జలాశయం నుంచి వస్తాయి. కృష్ణా, తుంగభద్రలు మోసుకొచ్చిన ఇసుక శ్రీశైలం నిలవ నీటిలోనే దిగిపోయింది. మిగిలిన దాంట్లో కొంత కాలువల్లో, కొంత గోరకల్లులో దిగింది. అన్ని మెట్లు దిగి వచ్చిన నీళ్లు తేటగా ఉండడంలో వింతేముంది? బురద మాయమైపోలేదు. ఇంకొకరి ఖాతాలో పడింది.

ఆ ఖాతా చిన్నదేం కాదు. 885 అడుగుల పూర్తి మట్టం దగ్గర శ్రీశైలం కట్టినప్పటి సామర్థ్యం 308 టీఎంసీలు. ఇప్పుడు రోజువారీ బులెటిన్లలో చూపించేది 215.8. సాగర్ 408 నుంచి 312కు వచ్చింది. ఎగువన తుంగభద్ర జలాశయం 1953లో 132 టీఎంసీలతో మొదలై ఇప్పుడు 105.8 దగ్గర ఉంది. అక్కడ నవలి దగ్గర ఇంకో జలాశయం కట్టాలన్న గొడవకు మూలం కూడా ఈ పూడికే. ఒక సంగతి గమనించాలి: ఎగువన ఒక పెద్ద జలాశయం లేస్తే కిందిదానికి ఒండ్రు బెడద తగ్గుతుంది. శ్రీశైలం నాలుగు దశాబ్దాలుగా సాగర్‌కు చేస్తున్న సేవ అదే. ఆ సేవకు ఎవరూ బిల్లు వెయ్యరు.

ఇక్కడ అవతలి పక్షం కూడా అతి చేస్తుంది. "92 టీఎంసీలు పూడిపోయాక శ్రీశైలంలో పంప్డ్ స్టోరేజీ ఏంటి?" అనేవాళ్లున్నారు. ఆ వాదన నిలవదు. ఎడమగట్టు కేంద్రం 900 మెగావాట్లతో ఆరు గంటలు నడవడానికి సుమారుగా ఒక టీఎంసీ చాలు. 215లో ఒకటి. అంత పెద్ద జలాశయంలో రోజువారీ తిప్పుడుకు నిల్వ లోటేమీ రాదు. పూడిక వల్ల దెబ్బతినేది సాగునీరు, వరద నిల్వ, కరువు ఏడాది తాగునీరు. పంప్డ్ స్టోరేజీకి పూడిక ప్రాణాంతకం అయ్యేది జలాశయం చిన్నదై, అది పారే వాగు మీద ఉన్నప్పుడు. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. వెయ్యి చదరపు కిలోమీటర్ల పరీవాహకం నుంచి ఏటా సగటున అర మిల్లీమీటరు మట్టి కొట్టుకొచ్చిందనుకోండి. అంటే ఏడాదికి 5 లక్షల ఘనపు మీటర్లు. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. టీఎంసీ పట్టే కింది జలాశయం దీన్నంతా పట్టుకుంటూ పోతే 57 ఏళ్లలో నిండిపోతుంది. శ్రీశైలానికి లెక్కలోకి రాని ఆ ఐదు లక్షలే ఇక్కడ ప్రాజెక్టు ఆయుష్షును నిర్ణయిస్తాయి.

పైగా సగటును నమ్ముకోవడానికి లేదు. నదులు ఏడాది పొడవునా సమంగా బురద మొయ్యవు. ఏడాది మొత్తం ఒండ్రులో సింహభాగం కొద్ది రోజుల వరదలోనే వస్తుంది, పదేళ్లది ఒక్క వరదలో రావచ్చు. మాది కర్నూలు. 2009 అక్టోబరు వరద వెళ్లిపోయాక ఇళ్లల్లో మిగిలింది నీళ్లు కాదు, బురద. బీరువాల్లో, బియ్యం డబ్బాల్లో, గోడ గూళ్లలో కూడా అదే. పారలతో ఎత్తి వీధిలో పోస్తే వీధులు మూసుకుపోయాయి. ఆ రోజుల్లో శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. అలాంటి మూడు రోజులు లేని కొలతలతో రాసిన ఒండ్రు అధ్యాయాన్ని నేను సీరియస్‌గా తీసుకోలేను. వానాకాలంలో వారానికోసారి సీసాలో నీళ్లు పట్టి ల్యాబుకు పంపితే వరద ఎక్కువసార్లు సీసాకు చిక్కదు. చిక్కే రోజున వంతెన మీదికి వెళ్లడానికి ఎవరికీ ధైర్యం చాలదు. అది వాళ్ల తప్పని నేను అనను. ఆ లోటును లెక్కలోకి తీసుకోకపోవడం మాత్రం డిజైనర్ తప్పే.

డీపీఆర్‌లలో ఇంకో అలవాటు కూడా ఉంది. జలాశయం అడుగున ఒక అడ్డగీత గీసి, దాని కిందిదంతా డెడ్ స్టోరేజీ (వాడుకోని అడుగు నిల్వ), ఒండ్రంతా అందులోకే వెళ్తుంది అని తేల్చేస్తారు. ఒండ్రు ఆ గీతను చదవదు. నది జలాశయంలోకి చొరబడే చోటే వేగం పడిపోయి ముతక ఇసుక, గులకరాళ్లు అక్కడే మేట వేస్తాయి. ఆ మేట ఉండేది పై మట్టాల్లో, అంటే మనం రోజూ వాడుకుందామనుకున్న లైవ్ స్టోరేజీలో. సన్నటి బురద మాత్రమే అడుగున పాకుతూ ఆనకట్ట దాకా వస్తుంది. మామూలు జలాశయంలో మేట ఉన్నచోటే కొన్నాళ్లు ఉంటుంది. పంప్డ్ స్టోరేజీ కింది జలాశయంలో అలా కుదరదు, నీటి మట్టం రోజూ మీటర్ల కొద్దీ దిగి మళ్లీ లేస్తుంది. దిగిన ప్రతిసారీ మేట అంచులు తేలి, కోతపడి, ముందుకు జరుగుతాయి. అలా జరిగి జరిగి చేరేది నీళ్లు తీసుకునే నోరు, అంటే ఇన్‌టేక్ దగ్గరికే.

ఇన్‌టేక్ అన్నాను కానీ ఇక్కడ అది రోజులో సగం వేళ నీళ్లు కక్కే నోరు కూడా. టర్బైన్ నడిచేటప్పుడు వచ్చే జోరు దాని ముందున్న అడుగును శుభ్రం చేస్తుంది, ఇది మంచిదే. అదే జోరు సన్నటి బురదను లేపి నీళ్లంతా కలిపేస్తుంది. కాసేపటికి పంపింగ్ మొదలైతే ఆ కలక నీళ్లే పైకి వెళ్తాయి. పై జలాశయానికి వరద లేదు, కొట్టుకుపోవడానికి దారి లేదు. అక్కడ దిగినదల్లా అక్కడే. "పూడికెక్కడిది?" అన్న ప్రశ్నకు ఇది రెండో జవాబు. నది కింది జలాశయానికి ఇచ్చినదాన్ని యంత్రం పైదానికి మోస్తుంది.

ఇక యంత్రం సంగతి. హిమాలయాల నదుల్లో ఇసుకలో క్వార్ట్జ్ ఎక్కువ, అది టర్బైన్ ఉక్కుకంటే గట్టిది. సట్లెజ్ మీద 1,500 మెగావాట్ల నాథ్పా ఝాక్రీ కేంద్రంలో నీళ్లు సొరంగంలోకి వెళ్లే ముందే ఇసుకను దింపడానికి 525 మీటర్ల పొడవైన భూగర్భ గదులు నాలుగు కట్టారు. అయినా రన్నర్లు (టర్బైన్‌లో తిరిగే చక్రాలు), గైడ్ వేన్లు (వాటిలోకి నీళ్లను మళ్లించే రెక్కలు) అరిగిపోయాయి. టంగ్‌స్టన్ కార్బైడ్ పూత పూసి నెట్టుకొస్తున్నారు. ఒండ్రు 5,000 పీపీఎం (పది లక్షల పాళ్లలో 5,000 పాళ్లు) దాటితే కేంద్రాన్ని ఆపేస్తారు. అది పంప్డ్ స్టోరేజీ కాదు, అయినా పాఠం వర్తిస్తుంది. అరుగుదల దాదాపు నీటి వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం ఎత్తు వర్గమూలంతో పెరుగుతుంది. 100 మీటర్ల హెడ్ (నీళ్లు పడే ఎత్తు) ఉన్నచోట రన్నర్ దగ్గర నీటి వేగం సెకనుకు 44 మీటర్లయితే, 500 మీటర్ల దగ్గర అది 99. వేగం రెండింతల చిల్లర, అరుగుదల పదకొండు రెట్లు. సాగర్ నీళ్లలో ముప్పై ఏళ్లు తిరిగిన యంత్రాన్ని చూపించి, "మన నదుల్లో సిల్ట్ ప్రాబ్లం లేదండీ" అని కొండ మీది 500 మీటర్ల ప్రాజెక్టుకు ధీమా చెప్పేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. పైగా ఆ కలక ఒక్కసారి యంత్రంలోంచి వెళ్లి పోదు. మధ్యాహ్నం పైకి, సాయంత్రం కిందికి, గరుకు కాగితంతో రెండు వైపులా రుద్దినట్టు.

ఈ చిక్కునంతా ముందు అనుభవించి, తర్వాత దారి వెతుక్కున్నది జపాన్‌లోని ఒకుయోషినో కేంద్రం. నారా ప్రాంతపు కొండల్లో, కన్సాయ్ ఎలక్ట్రిక్ కంపెనీది, 1,206 మెగావాట్లు. పై జలాశయం సెతో ఆనకట్టది, కిందిది అసాహి ఆనకట్టది. అసాహి 1978లో పూర్తయింది. దాని పరీవాహకం సుమారు 39 చదరపు కిలోమీటర్లే. మన మండలాల్లో చాలావాటి విస్తీర్ణం అంతకంటే ఎక్కువ. ఇంత చిన్న వాగుకు పూడికేంటి అనిపిస్తుంది. కానీ టైఫూన్లకు కొండచరియలు విరిగిపడి, వాగు మట్టి మొయ్యడం మొదలుపెట్టింది. జలాశయం పూడుతోంది, అదొక బాధ. దానికంటే ఊళ్లవాళ్లను విసిగించింది ఇంకోటి. మామూలు వాగైతే వరద వెళ్లిన కొన్ని రోజులకు తేటబడుతుంది. ఇక్కడ అదే బురద నీళ్లను రోజూ పైకి తోడి కిందికి వదులుతున్నారు కాబట్టి అది దిగే అవకాశమే లేదు. దిగువ నదిలోకి వదిలే నీళ్లు వరద తర్వాత చాలాకాలం కలకగానే ఉండేవి.

వాళ్లు పూడిక తీసే యంత్రాలు కొనలేదు. జలాశయం ఎగువ చివర ఒక అడ్డుకట్ట వేసి, అక్కణ్నుంచి ఆనకట్ట కిందికి 2,350 మీటర్ల సొరంగం తవ్వారు. 3.8 మీటర్ల వెడల్పు, అంతే ఎత్తు, సెకనుకు 140 ఘనపు మీటర్ల నీరు పడుతుంది. 1998 నుంచి నడుస్తోంది. వరద వచ్చినప్పుడు బురద నీళ్లు, ఇసుక, గులకరాళ్లు జలాశయాన్ని ముట్టుకోకుండా సొరంగంలోంచి దిగువ నదిలోకి వెళ్లిపోతాయి. సొరంగం పట్టలేనంత వరద వస్తేనే మిగతాది జలాశయంలోకి పొర్లుతుంది. వచ్చే ఒండ్రులో ఎక్కువ భాగం ఇప్పుడు అలాగే దాటిపోతోంది, కలక రోజులు తగ్గాయి, దిగువన నది అడుగుకు మళ్లీ ఇసుక, గులకరాళ్లు అందుతున్నాయి. ఈ ఆఖరి మాట మనకూ పనికొస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల దగ్గర సముద్రం ఒడ్డును తినేస్తోందని బాధపడుతున్నాం. అక్కడికి చేరాల్సిన ఇసుకను ఎగువన దాచిపెట్టింది మనమే.

సొరంగం ఉచితంగా రాదు. రాళ్లు దొర్లుతూ పోతుంటే దాని కాంక్రీటు అడుగు అరిగిపోతుంది, వరదలు లేని నెలల్లో మరమ్మతులు చేస్తూ ఉండాలి. "ఇంత ఖర్చు టారిఫ్‌లో ఎక్కడ పెట్టమంటారు సార్?" అని మా జూనియర్ ఇంజినీరు అడిగాడు ఓసారి. మంచి ప్రశ్నే. నా జవాబు: ఖర్చు ఎలాగూ ఉంది, ఎప్పుడు పెడతావన్నదే తేడా. జపాన్‌వాళ్లు జలాశయం కట్టిన ఇరవై ఏళ్లకు పెట్టారు. చైనాలోని ఇన్నర్ మంగోలియాలో 1,200 మెగావాట్ల హోహాట్ కేంద్రంలో మొదటి డ్రాయింగులోనే పెట్టారు. అక్కడ వాగు వానాకాలంలో మట్టి కుమ్మరిస్తుంది. అందుకని కింది జలాశయాన్ని రెండు ఆనకట్టల మధ్య ఇరికించారు. ఎగువది ఒండ్రును, వరదను ఆపుతుంది, ఆపిన వరద సొరంగం గుండా పక్కదారిన దిగువకు వెళ్లిపోతుంది. జలాశయం చూడ్డానికి వాగు మీదే ఉంటుంది, వాగు వరదకు మాత్రం దాంతో సంబంధం లేదు. ఇది నాకు ఇష్టమైన డిజైన్. నది పక్కన కట్టడానికి చోటు దొరక్కపోతే నదినే పక్కకు జరిపారు.

ఇంకో మార్గం దాదాపు పైసా ఖర్చు లేనిది, పంప్డ్ స్టోరేజీకి ప్రత్యేకంగా కలిసొచ్చేది: కలక వచ్చినప్పుడు తోడకుండా ఉండడం. నది ప్రవాహం మీద నడిచే కేంద్రం వచ్చిన నీళ్లను వచ్చినప్పుడే వాడుకోవాలి. దీనికి ఆ తొందర లేదు. చిన్న వాగుల్లో వరద కొన్ని గంటల్లో దిగిపోతుంది. ఇన్‌టేక్ దగ్గర కలకను కొలిచే మీటర్ పెట్టి, ఇంత దాటితే పంపు ఆపాలి అని ఆపరేటింగ్ నియమాల్లో రాసుకుంటే చాలు. ఆ నియమం లేకపోతే గ్రిడ్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు షిఫ్ట్ ఇంజినీరు ఆపగలడా? టెన్షన్ పడుతూ బురదే తోడతాడు.

"ఇవన్నీ ఎందుకు, పూడిక తీసేస్తే పోలా?" అనే మాట ప్రతి ఎండాకాలం వినిపిస్తుంది. మిషన్ కాకతీయ చూశాక ఈ నమ్మకం ఇంకా పెరిగింది. 2015 నుంచి తెలంగాణ చెరువుల్లో మట్టి తీశారు, రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు. చెరువుకు అది సరైన పని, ఎప్పటినుంచో మన ఊళ్లు చేస్తున్నదే. చెరువు ఎండుతుంది, పొలం పక్కనే ఉంటుంది, మట్టికి గిరాకీ ఉంటుంది. శ్రీశైలం లెక్క వేరు. పోయిన 92 టీఎంసీలు అంటే సుమారు 260 కోట్ల ఘనపు మీటర్లు. టిప్పరుకు పది ఘనపు మీటర్లు పట్టించినా 26 కోట్ల ట్రిప్పులు. రోజుకు వెయ్యి టిప్పర్లు సెలవు లేకుండా తోలితే ఏడు వందల ఏళ్లు దాటుతుంది, ఈలోపు నది కొత్తది తెస్తూనే ఉంటుంది. చిన్న జలాశయానికైతే లెక్క కుదురుతుంది కదా అంటారా? కుదురుతుంది, కానీ పంప్డ్ స్టోరేజీ జలాశయం ఎండదు, ఎండబెట్టాలంటే కేంద్రం ఆపాలి. ఆపిన రోజుల ఆదాయం కూడా టిప్పర్ల కిరాయిలో కలుపుకోండి.

ఇప్పుడు మన కొండల దగ్గరికి వస్తాను, నా అసలు బెంగ అక్కడే. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఎగువ సీలేరు దగ్గర జెన్‌కో తలపెట్టిన 1,350 మెగావాట్ల ప్రాజెక్టు ఇప్పటికే ఉన్న గుంటవాడ, డొంకరాయి జలాశయాల మధ్య వస్తుంది. కొత్తగా ముంపు పెద్దగా లేదు, అది మంచి విషయమే. కానీ పాత జలాశయంలో కొత్త ఇన్‌టేక్ పెట్టేటప్పుడు చూడాల్సింది కాగితం మీది పాత అడుగు మట్టం కాదు, ఇవాళ పడవ మీద సోనార్‌తో కొలిచిన మట్టం. ఏ మూల మేట ఉంది, రోజుకు రెండుసార్లు ఇంత జోరుగా నీళ్లు తిరిగితే ఆ మేట ఎటు కదులుతుంది అన్నది మోడల్ కట్టి చూసుకోవాలి. పాత కేంద్రం నీళ్లను ఒకవైపే పంపింది, అందుకని ఇన్నేళ్లు అక్కడ ఏ ఇబ్బందీ లేదన్న మాట ఇక్కడ సాక్ష్యంగా చెల్లదు.

కట్టేటప్పుడు వచ్చే మట్టి సంగతి ఇంకా విచిత్రం. సొరంగాలు, భూగర్భ పవర్‌హౌస్, కొండ చుట్టూ రోడ్లు తవ్వగా వచ్చిన రాయీ మట్టీ గుట్టలుగా పోస్తారు. కొండ మీద కురిసే మొదటి పెద్ద వానకు ఆ గుట్టల్లో పాదం గట్టిగా కట్టనివి వాగులోకి జారతాయి. అంటే జలాశయానికి మొదటి ఒండ్రు నది ఇవ్వదు, కాంట్రాక్టరే ఇస్తాడు. డీపీఆర్‌లో మట్టి పోసే యార్డులు పర్యావరణ అధ్యాయంలో ఉంటాయి, ఒండ్రు హైడ్రాలజీ అధ్యాయంలో ఉంటుంది. రెండూ రాసేవాళ్లు వేరు, ఒకరు రాసింది ఇంకొకరు చదవరు. నది పక్కన కాకుండా కొండ నెత్తిన కట్టే ప్రాజెక్టుల్లో అడవి, గిరిజనుల భూముల ప్రశ్న ఇంతకంటే పెద్దది. దాన్ని ఈ వ్యాసంలో ఒక వాక్యంతో తేల్చే ఉద్దేశం నాకు లేదు.

ఇవేవీ ఇంజినీర్లకు తెలియనివి కావు. తెలిసీ ఎందుకు డ్రాయింగులోకి రావు అంటే, రాకపోయినా ఎవరికీ నష్టం లేదు కాబట్టి. కరెంటు కొనుగోలు ఒప్పందాలు దశాబ్దాలకు రాసుకుంటారు. ఏడాదిలో ఇంత శాతం వేళ కేంద్రం సిద్ధంగా ఉండాలి, లేకపోతే జరిమానా అని ఉంటుంది. వెంటనే మినహాయింపుల జాబితా వస్తుంది: వరద, భూకంపం, దైవాధీనం. పదిహేనేళ్లకు రన్నర్ అరిగి యూనిట్ మూడు నెలలు ఆగితే, అది వరద వల్ల వచ్చిందే కదా అని వాదించడానికి ఆ జాబితాలో చోటుంటుంది. అప్పుడు ఆ మూడు నెలల కరెంటును బయట కొనేది డిస్కం, కట్టేది మనం. ఒండ్రు వల్ల ఆగిన గంటలకు మినహాయింపు లేదు అని ఒక్క క్లాజు రాస్తే బిడ్ వేసే రోజే డెవలపర్ మా దగ్గరికొచ్చి బైపాస్ సొరంగం ఎంతవుతుందో అడుగుతాడు. ఆ క్లాజుతో వచ్చిన టెండరు నా టేబుల్ మీదికి ఇంతవరకు ఒక్కటీ రాలేదు.